మా ఇంటికొచ్చిన అజ్‌టెక్కులు

మా మనవరాలి బళ్ళో నాలుగో తరగతి పిల్లలకి ‘పురాతన నాగరికతలు’ అని ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఎవరికి ఏ నాగరికత అన్నది చీటీలు వేసి తీశారు. పక్కింటి పిల్లవాడికి ఈజిప్టు, ఎదురింటి అమ్మాయికి సింధులోయ వచ్చాయి. మా పిల్లకి అజ్‌టెక్కులు వచ్చారు. అది ఏడుపు మొహంతో ఇంటికొచ్చి, “తాతా, వీళ్ళెవరో అమ్మకి కూడా తెలియదంట” అంది. ఈజిప్టువాడికి థర్మోకోలుతో పిరమిడ్డు చేస్తే సరిపోతుంది. మరి మాకో?

నేను బి.కాం. చదివి ముప్పై ఏళ్ళకి పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఉద్యోగం తిప్పిన ఊళ్ళన్నీ తిరిగి చివరికి ఈ హరూర్‌లో స్థిరపడ్డాను. ఇక్కడివాళ్ళు అరూర్ అంటారు. ధర్మపురి జిల్లాలో తీర్థమలకి వెళ్ళే భక్తులకి బాగా తెలిసిన ఊరు. చరిత్రతో నాకున్న పరిచయం అంతంతమాత్రమే. అయినా మనవరాలు అడిగితే కాదనే తాత ఎక్కడైనా ఉంటాడా? అల్లుడు ఫోనులో వెతికి చూపించాడు. ముందుగా కనిపించినవన్నీ గుండెకాయలు కోసి దేవుడికి ఇచ్చే బొమ్మలే! మా అమ్మాయి ఫోను లాక్కుని, “ఇదంతా పిల్లకి చూపించకండి నాన్నా, టీచర్నడిగి వేరే చీటీ తీయిద్దాం” అంది. రెండురోజులు టైమివ్వమన్నాను.

ముందు కాలం సంగతి తేల్చుకుందాం అనుకున్నాను. మెక్సికోలో ఒక సరస్సు మధ్య దీవి మీద, 1325 ప్రాంతంలో, టెనోచ్‌టిట్లాన్ అనే ఊరు కట్టుకున్నారు. తమను తాము మెషీకా అని పిలుచుకునేవారు. నీళ్ళలో బురదమట్టి పోసి మడులు కట్టి పంటలు పండించేవారు. 1519 నవంబరులో స్పెయిను సైనికుడు కోర్తెస్ ఆ నగరంలో అడుగుపెట్టాడు. 1521 ఆగస్టు 13న నగరం పడిపోయింది. కత్తులూ తుపాకులూ చంపినవాళ్ళు కొందరైతే, 1520లో పాకిన మశూచి చంపినవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది. పడగొట్టడంలో చుట్టుపక్కల రాజ్యాలవాళ్ళ చెయ్యి కూడా ఉంది. కప్పాలు కట్టి కట్టి విసిగిపోయి కోర్తెస్ వైపు చేరారు.

ఈ తేదీలు చూడగానే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. మన కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. రాయచూరు యుద్ధం 1520. అంటే అక్కడ సరస్సులో నగరం కూలుతున్నప్పుడు ఇక్కడ హంపీలో రత్నాలు రాశులు పోసి అమ్ముతున్నారన్నమాట! ఆ రోజుల్లోనే పోర్చుగీసు యాత్రికుడు పేస్ విజయనగరం చూసి రోముతో పోల్చాడు. కోర్తెస్ వెంట వెళ్ళిన బెర్నాల్ దియాస్ కూడా సరస్సులో తేలే నగరాన్ని చూసి కలా నిజమా అనుకున్నామని తర్వాత రాసుకున్నాడు. “రాయలవారి కాలంవాళ్ళే” అని చెప్పగానే పిల్ల మొహం విప్పారింది. రాయలవారు, తెనాలి రామలింగడు దానికి బాగా తెలుసు. మా ఇంట్లో తెలుగు కథలకేమీ కొదవలేదు. కొదవ ఎక్కడుందో తర్వాత చెప్తాను.

అసలు నన్ను పట్టుకున్నది వాళ్ళ లెక్కల పుస్తకం. స్పెయిను పాలన వచ్చాక, సుమారు 1541లో, అక్కడి చిత్రకారుల చేత రాయించిన ఒక పుస్తకం ఉంది. మెండోసా కోడెక్స్ అంటారు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డులో బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అందులో ఒక భాగమంతా కప్పాల పద్దు. ఏ ఊరు ఎన్ని దుప్పట్లు, ఎన్ని యోధుల వేషాలు, ఎన్ని మూటల కకావు గింజలు, ఎంత తేనె పంపాలో బొమ్మలతో రాశారు. చెప్పొద్దూ, నాకు మా బ్యాంకు లెడ్జరు చూసినట్టే ఉంది. ఈ బారామహల్ ప్రాంతం కూడా పద్దులకి పేరుపడ్డదేనండీ. తర్వాత మనవాళ్ళు దేవుడిలా కొలిచిన మన్రో దొర, సీడెడ్ జిల్లాలకి రాకముందు, 1792 నుంచి ఏడేళ్ళు ఇక్కడే శిస్తు లెక్కలు నేర్చుకున్నాడు.

వాళ్ళ లెక్క ఇరవైలలో నడుస్తుంది. ఒకటికి ఒక చుక్క. ఇరవైకి ఒక జెండా. ఇరవై ఇరవైలు, అంటే 400కి ఈకలాంటి ఒక గుర్తు. ఇరవై నాలుగువందలు, అంటే 8,000కి ఒక సంచీ. అంతే. నాలుగు గుర్తులతో సామ్రాజ్యమంతా లెక్క తేల్చారు. మేమిద్దరం కూర్చుని లక్ష రాశాం. పన్నెండు సంచీలు, పది ఈకలు. ఎక్కువా లేదు, తక్కువా లేదు, సరిగ్గా లక్ష! తర్వాత పిల్ల మా హరూర్ పిన్‌కోడు 636903 రాయాలంది. డెబ్బైతొమ్మిది సంచీలు, పన్నెండు ఈకలు, అయిదు జెండాలు, మూడు చుక్కలు. నలభయ్యో సంచీ దగ్గర చెయ్యి నొప్పంది. మిగతావి నాచేత గీయించింది.

డబ్బు సంగతి వింటే మీరు నవ్వుతారు. వాళ్ళ చిల్లర కకావు గింజలు, అంటే చాక్లెట్ చేసే గింజలే. 1545 నాటి ఒక ధరల పట్టీ ఉంది, త్లాక్స్‌కాలా అనే చోటిది. మంచి టర్కీ కోడిపెట్ట 100 గింజలు, గుడ్డు మూడు గింజలు, పెద్ద టమాటా ఒకటి ఒక గింజ. గింజలో కూడా నిండుగింజ, ఎండిపోయిన గింజ అని తేడా. ఎండుగింజలైతే అదే కోడికి 120 ఇవ్వాలి. మనం చినిగిన నోటుకి తక్కువ కట్టినట్టే కదా! ఇంతకన్నా విచిత్రం, దొంగనాణేలు కూడా ఉండేవి. గింజ పైపొట్టు జాగ్రత్తగా తీసి, లోపల మట్టో పిండో నింపి, మళ్ళీ అతికించి సంతలో చలామణీ చేసేవారట. నోటును వెలుతురుకి ఎత్తి పట్టి చూసే అలవాటు ముప్పై ఏళ్ళుగా ఉన్న నాకు ఆ సంతలో గింజలు నొక్కి చూసే షావుకారు అన్నలా కనిపించాడు. అంతా విని మా ఆవిడ, “అంటే వాళ్ళు డబ్బును కాచుకుని తాగేవాళ్ళన్నమాట” అంది.

ఇక బలుల సంగతి. మా అమ్మాయి వద్దంది. నేను ఉండాలన్నాను. ఇంట్లో రెండుపూటలు వాదన నడిచింది. దాని భయం న్యాయమైనదే, తొమ్మిదేళ్ళ పిల్ల. కానీ ఆ పిల్లే అడిగేసింది, “వాళ్ళు చెడ్డవాళ్ళా తాతా?” అని. మన శ్రీశైలంలో వీరశిరోమండపం ఉంది. 1377లో అనవేమారెడ్డి కట్టించాడు. భక్తులు తమ తలలూ నాలుకలూ తామే కోసి అర్పించిన చోటు. తమిళనాట నవకండం అనే శిలలున్నాయి, తన తల తానే కోసుకుంటున్న వీరుల బొమ్మలు. ఇవి చెప్పకుండా వాళ్ళది మాత్రం చెడ్డతనమని ఎలా అనడం? చెప్పాను. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మాయి నా మీద కోపంగానే ఉంది.

అయితే లెక్క మాత్రం నేను ఒప్పుకోలేదు. 1487లో పెద్దగుడి పునఃప్రతిష్ఠకి నాలుగురోజుల్లో 80,400 మందిని బలిచ్చారని ఒక రాత ఉంది. నాలుగురోజులకి 5,760 నిమిషాలు. రాత్రీపగలూ ఆపకుండా చేసినా నిమిషానికి పద్నాలుగుమంది. ఏ ఆడిటరూ సంతకం పెట్టడు! పైగా ఆ అంకెను వాళ్ళ గుర్తుల్లో రాస్తే సరిగ్గా పది సంచీలు, ఒక ఈక. గుండ్రంగా ఉన్న అంకెను చూస్తే మా బ్యాంకువాళ్ళకి ముందు అనుమానమే వస్తుంది. చరిత్రకారులు కూడా దాన్ని నమ్మరు. అలాగని అసలు జరగలేదనడానికీ లేదు. మెక్సికో నగరంలో 2015లో బయటపడ్డ పుర్రెల గోపురంలో 2020 నాటికి 600కు పైగా లెక్క తేలాయి, వాటిలో ఆడవాళ్ళవీ పిల్లలవీ ఉన్నాయి. చివరికి చార్టులో బొమ్మ లేకుండా నాలుగు వాక్యాలు పెట్టడానికి మా అమ్మాయి ఒప్పుకుంది. ఆ వాక్యాలు పిల్లే రాసింది.

చార్టు చివర ఒక బంతిపువ్వు అతికించాం. బంతి మెక్సికో నుంచి వచ్చిందేనని తెలిసి మా ఆవిడ నమ్మలేదు. సంక్రాంతి గడపలకి మనం కట్టేదీ, ఇక్కడివాళ్ళు చెండుమల్లి అని ధర్మపురి పూలసంతలో బుట్టలకొద్దీ అమ్మేదీ అదే. వాళ్ళ నావట్ల్ భాషలో దాని పేరుకి అర్థం ‘ఇరవై పువ్వు’. టమాటా, చాక్లెట్ కూడా ఆ భాషవే. మిరపకాయ కూడా అక్కడి నుంచే వచ్చినా, ఆ పేరును తెలుగూ తమిళమూ రెండూ తీసుకోలేదు. తమకు తెలిసిన మిరియం మీద మిరప అని, మిళగు మీద మిళగాయ్ అని పిలుచుకున్నాయి.

“ఆ భాష ఇప్పుడు లేదా తాతా?” ఉందమ్మా, ఇంకా పదహారు లక్షలమంది దాకా మాట్లాడుతున్నారు అన్నాను. అది ఎలా మిగిలిందో చెప్పమంది. సహగున్ అనే ఒక పాదిరి, ఊరి పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగించి, శిష్యులతో కలిసి పన్నెండు పుస్తకాలు రాయించాడు. ఒక వరుసలో నావట్ల్, పక్క వరుసలో స్పానిష్. 1577 నాటికి పూర్తయ్యాయి. కకావు దొంగగింజల సంగతి కూడా అందులోదే.

ఇందాక తర్వాత చెప్తానన్నది ఇదే. నేను హోసూరు వైపు తెలుగుబళ్ళో చదువుకున్నాను. మా మనవరాలికి బళ్ళో తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో పిల్లలందరూ తమిళం చదవాలి. అందులో తప్పేమీ లేదు, అన్నం పెడుతున్న నేల భాష. కానీ తెలుగు దాని నోట్లో ఉందేగాని చేతిలో లేదు.

ప్రాజెక్టు అయిపోయింది. మొదటి బహుమతి లైట్లు పెట్టిన పిరమిడ్డుకే వెళ్ళింది. మా పిల్లకి దక్కింది ఒక చాక్లెట్. అయితే అదే వారంలో అది ఒక నోటుబుక్కు తీసి మధ్యలో గీత కొట్టింది. వాళ్ళ అవ్వ దగ్గర కూర్చుని అవ్వ మాటలు ఒక వరుసలో తమిళ అక్షరాలతో రాసుకోవడం, పక్క వరుసలో ఇంగ్లీషు. రోకలి, చేట, దాలి, ఉట్టి. బంతి దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చింది. తమిళంలో పకీ బకీ ఒకటే అక్షరం. రాసింది చదివితే పంతి అయింది, అంటే ఇక్కడ విందు వరుస. గడప రాస్తే కడప అయింది. “వేరే అక్షరం కావాలి తాతా” అంది.

అలా గ నేర్చుకుంది, బ నేర్చుకుంది. ఇప్పుడు భ దగ్గర ఆగింది. దీనికి మాత్రం కింద ఆ కాలు ఎందుకని రోజూ బ్యాంకు నుంచి రాగానే పట్టుకుంటోంది.