అమ్మ చీరలు... 936 ముక్కలు

చెరకురసం బండి మీద ఉండే మిషన్‌ని చిన్నది చేసి బల్లమీద పెట్టినట్టుంది. రెండు రోలర్లు, పక్కన తిప్పడానికో పిడి. కాకపోతే లోపలికి వెళ్లేది చెరకుగడ కాదు, బట్ట. అవతలి నుంచి వచ్చేది రసం కాదు, ఒకే కొలతతో ఆరు చదరపు ముక్కలు.

స్టాల్‌లోని అమ్మాయి నవ్వుతూ పిడి తిప్పి చూపిస్తోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. వారిలో తెనాలి నుంచి వెళ్లి హ్యూస్టన్‌లో స్థిరపడ్డ ఓ యాభై ఏళ్ల తెలుగావిడ. అందరూ ధర అడుగుతుంటే ఆవిడ మాత్రం వేరే ప్రశ్న వేసింది. ‘పాత బట్ట కూడా కోస్తుందా?’

అది 2023 నవంబరు. హ్యూస్టన్‌లో ఏటా జరిగే అంతర్జాతీయ క్విల్ట్ ఫెస్టివల్. 1974లో చిన్నగా మొదలై, ఇప్పుడు దేశదేశాల నుంచి కుట్టుపని ప్రియులను రప్పించుకునే తిరనాళ్ల. క్విల్ట్ అంటే మన బొంతకు దూరపు చుట్టమే. బొంతలో పాత చీరల్ని పొరలుగా పరిచి కుడతాం. వాళ్లు ముందు బట్టను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ అతికి పైపొర తయారుచేసుకుంటారు. కాబట్టి కుట్టడం కన్నా ముందు కోయడం ఉంటుంది. ఆ కోసే పనికే ఈ మిషన్.

దాని కిటుకు వంటింట్లో అందరికీ తెలిసిందే. కజ్జికాయల అచ్చు లాంటిదే ‘డై’ అనే పలక. అందులో ఉక్కు బ్లేడు కావలసిన ఆకారంలో దిగేసి ఉంటుంది. బ్లేడు చేతికి తగలకుండా చుట్టూ స్పాంజి. దానిమీద బట్ట పరిచి, పైన ప్లాస్టిక్ మ్యాట్ కప్పి, రోలర్ల మధ్యకు తోస్తే ఒత్తిడికి స్పాంజి అణిగి బ్లేడు పైకి తేలుతుంది. బట్ట తెగుతుంది. మామూలు కాటన్ అయితే ఒకేసారి ఆరు మడతలు. అప్పట్లో అంతా కలిపి 400 డాలర్లకు అటూ ఇటూ. మరో ఆకారం కావాలంటే మరో డై కొనాలి.

ఆవిడకు ఈ పిచ్చి పట్టింది 2002లో. కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు. అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే మారుమూల ఊళ్లో నల్లజాతి ఆడవాళ్లు కుట్టిన క్విల్ట్‌లను ఆ ఏడు హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. పొలం పనుల్లో చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు కోసి కుట్టినవి. నాలుగేళ్ల తర్వాత, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. గోడలకు వేలాడుతున్న ఆ దుప్పట్లను చూస్తే ఆవిడకు తెనాలి ఇంట్లో నవారు మంచం మీది అమ్మ బొంత గుర్తొచ్చింది. అప్పటినుంచీ నేర్చుకుంది. పిల్లలకు, స్నేహితుల పిల్లలకు కుట్టి ఇచ్చింది.

ఇప్పుడు కుట్టాల్సింది మాత్రం అమ్మ కోసం. 2023 ఆగస్టులో అమ్మ పోయింది. పట్టుచీరలు అక్కయ్య దగ్గరే ఉంచి, అమ్మ రోజూ కట్టుకున్న పదకొండు నూలుచీరలు సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. మంగళగిరివి, వెంకటగిరివి. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డవి. సంవత్సరీకం నాటికి నాలుగు బొంతలు కావాలి. అక్కకొకటి, ఇద్దరు తమ్ముళ్లకు చెరొకటి, తనకొకటి.

అక్క ఫోన్‌లో గయ్యిమంది.

‘అమ్మ చీర కోస్తావుటే? పొరలు పరిచి కుట్టేస్తే పోదూ!’

‘పోదక్కా. నీలం వెంకటగిరి ఎవరికిద్దాం చెప్పు?’

అక్క మాట్లాడలేదు. ఆ చీర నలుగురికీ కావాలి. కోస్తేనే నలుగురికీ వస్తుంది.

ఇక లెక్కలు. వాళ్లాయన ఇంజినీరు, కాగితం పెన్ను తీశాడు. అయిదంగుళాల చదరం కోస్తే కుట్లకు పావంగుళం చొప్పున నాలుగు వైపులా పోయి నాలుగున్నర మిగులుతుంది. అడ్డం 13, నిలువు 18. ఒక బొంతకు 234 ముక్కలు. నాలుగింటికి 936. అంటే ఒక్కో చీర నుంచి 85 దాకా. ‘అంచులు వదిలేసినా మీటరున్నర చాలు. తక్కిన నాలుగు మీటర్లు అలాగే ఉంటుంది’ అన్నాడు. ఆ మాటతో అక్క కాస్త మెత్తబడింది. మిగిలిన చీరను కోయకుండా బొంత లోపల పొరగా పరుద్దామని ఒప్పందం కుదిరింది.

కాగితం రెండోవైపున ఇంకో లెక్క వేశాడాయన. 400 డాలర్లను 936తో భాగిస్తే ముక్కకు 43 సెంట్లు. మన రూపాయల్లో మొత్తం 33 వేల పైమాటే. ‘ఆ డబ్బిస్తే తెనాల్లో వీధివీధికీ బొంత కుట్టించనూ!’ అని అక్క దెప్పింది. అక్కలు అలాగే అంటారు!

కానీ ఆవిడకు కుడిచేతి బొటనవేలు మొదట్లో కీలు అరిగింది. అది నిజం. క్విల్ట్‌లు కుట్టేవాళ్లు వాడే చక్రం కత్తి 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా తెచ్చింది. స్కేలు గట్టిగా అదిమిపట్టి దాంతో సర్రున లాగాలి. గంటసేపు లాగితే రాత్రంతా సలుపు. మిషన్ కొనడానికి అంతకన్నా కారణం ఏం కావాలి?

కుట్టుపని బృందంలో ఆవిడకో స్నేహితురాలుంది. డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరు. అట్టముక్క మీద గీతగీసి కత్తెరతో కోసిన కాలం నుంచీ కుడుతోంది. ఆమె దగ్గర ఆ మిషన్ ఉంది. అయినా కొనమని చెప్పలేదు.

‘త్రికోణాలు, పువ్వులు, వంపులు కోయాలంటే దీన్ని మించింది లేదు. ఉత్త చదరాలకైతే చక్రం కత్తితో ముందు పట్టీలుగా కోసి, వాటిని అడ్డంగా కోస్తే దాదాపు అంతే టైములో అయిపోతాయి. ముందు నా మిషన్ తీసుకెళ్లి చూడు’ అంది.

తీసుకొచ్చింది. శనివారం ఉదయం ఆకుపచ్చ మంగళగిరి చీరతో మొదలుపెట్టింది. ఆరు మడతలు పెట్టి, డై మీద పరిచి, మ్యాట్ కప్పి, పిడి తిప్పింది. లోపల కరకరమని దారాలు తెగిన చప్పుడు. ఆ క్షణంలో తను కిటికీలోంచి బయటికి చూస్తున్నానని ఆవిడకు తర్వాత గుర్తొచ్చింది.

మ్యాట్ ఎత్తి చూస్తే ఆరు ముక్కలూ వంకరే. ఒక మూల సాగింది, ఇంకో మూల దారాలు తెగనే లేదు. దుకాణంలో కొన్న బట్టయితే ఇంకో గజం తెచ్చుకోవచ్చు. ఈ చీర ఎక్కడ దొరుకుతుంది? ఆరు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని, అమ్మ పోయిన మూడు నెలల తర్వాత, మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం స్నేహితురాలు వచ్చి చూసింది. తప్పు మిషన్‌ది కాదు. పడుగు దారం రోలర్లలోకి నిలువుగా వెళ్లాలి, అడ్డంగా పెడితే బట్ట సాగుతుంది. పైగా ఇంత మెత్తబడిన నూలుకు ఆరు మడతలు ఎక్కువ, నాలుగు చాలు. బట్ట బిర్రుగా ఉండాలంటే స్టార్చ్ పెట్టాలి.

గంజి! పాతికేళ్లు అమ్మ ప్రతి చీరకూ గంజి పెట్టడం చూసిన కూతురికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

ఆ రాత్రే అన్నం వార్చింది. పెరట్లో తీగ కట్టి బట్టలారేస్తే కాలనీ సంఘం వాళ్లు ఊరుకోరు కాబట్టి కార్ల గరాజ్‌లో తాడు కట్టి ఆరేసింది. మర్నాడు ఇస్త్రీ చేసి, పడుగు చూసుకుని, నాలుగు మడతలు పెట్టి పిడి తిప్పితే ముక్కలు అద్దంలా వచ్చాయి. చెయ్యీ నొప్పి లేదు. వాళ్లాయన ‘ఇంకేం, కొనేద్దాం’ అన్నాడు.

ఆవిడ వద్దంది.

ఎందుకో ఆయనకు వెంటనే అర్థంకాలేదు. ఆవిడే చెప్పింది. పండగ స్టాల్‌లో మిషన్ చూడ్డానికి మూడు వారాల ముందు నుంచీ రోజూ కత్తి తీయడం, నీలం చీర పరవడం, మళ్లీ మడిచి పెట్టేయడం. బొటనవేలు అప్పటికింకా నొప్పే పెట్టలేదు. ఆ మిషన్‌లో తనకు నచ్చింది వేగం కాదు, మ్యాట్. అది కప్పేస్తే చీర తెగడం కనబడదు. అలా చూడకుండా కోయడంవల్లే ఆకుపచ్చ చీర పాడైంది. పడుగు ఎటుందో, ఏ మడతలో చిరుగుందో కూడా చూసుకోలేదు.

మిషన్ తిరిగిచ్చేసింది, ఓ డబ్బాడు సున్నుండలతో పాటు. ఆ తర్వాత వారానికో చీర. శనివారం గంజి, ఆదివారం కోత. కుచ్చిళ్ల దగ్గర నేలకు రాసుకుని అరిగిన చోటు వదిలేయాలి. బొడ్డులో దోపుకున్న చోట నేత పలచబడి ఉంటుంది, అదీ వద్దు. ఓ చీర మీద పసుపు మరక. దాన్ని మాత్రం వదల్లేదు, సరిగ్గా ముక్క మధ్యలోకి వచ్చేలా కోసింది. మిషన్ మీద మడతలు పెట్టి కోస్తే ఇలా ఏరుకోవడం కుదరదు. బొటనవేలికి పట్టీ వేసుకుని, గంటకోసారి ఆగి, జనవరి చివరికి పదకొండు చీరలూ పూర్తిచేసింది. నీలం వెంకటగిరి ఆఖర్న.

బొటనవేలు సలపలేదా అంటే, సలిపింది. ఫిబ్రవరిలో డాక్టర్ చీవాట్లు కూడా పెట్టాడు. నొప్పితో కోయడం గొప్పేమీ కాదని ఆవిడకీ తెలుసు. మనవరాలి కోసం నక్షత్రాల క్విల్ట్ మొదలుపెట్టే రోజున, నూట యాభై త్రికోణాలు ఎదురుగా ఉన్నప్పుడు, ఆ మిషన్ కొనడం ఖాయమే అంటోంది. స్టాల్‌లో ఇచ్చిన ధరల కాగితం సొరుగులోనే ఉంది. అది కొత్తబట్ట.

2024 ఆగస్టులో నాలుగు పైపొరలూ, మిగిలిన చీరలూ సూట్‌కేసులో తెనాలి చేరాయి. సంవత్సరీకం అయిన మూడోరోజు వసారాలో చాప పరిచి అక్కాచెల్లెళ్లు, ఇద్దరు మరదళ్లు చెరోవైపు కూర్చున్నారు. కింద ఒక చీర, మధ్యలో ఒకటి, పైన ముక్కల పొర. పెద్ద సూదులు, తెల్లదారం. తమ్ముళ్లు కాఫీలు అందించారు.

అక్క కళ్లజోడు సర్దుకుని ఓ ఆకుపచ్చ ముక్క దగ్గర ఆగింది.

‘ఇదేమిటే, మూల వంకరపోయింది?’

‘అలాంటివి ఆరున్నాయక్కా. మన నాలుగింట్లోనూ కలిసేలా వేశాను. పక్కముక్కలతో సర్దాను కానీ తెలిసిపోతోంది.’

‘తెలిస్తే ఏంలే’ అని అక్క ఆ మూలకు ఇంకో రెండు కుట్లు ఎక్కువ వేసి, దారం పంటితో తెంపింది.