రెండో దారి

మాన్యువల్స్‌ని ఎవరూ సమీక్షించరు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పుస్తకాలు లెక్కపెడితే, నా వరకు వాటిలో చాలా భాగం అవే. ఇంజనీరింగ్ అయ్యాక, సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు, రెండేళ్లు టెలికాం సైట్లు పట్టుకుని తిరిగాను. ఒక ఆప్టికల్ ఫైబర్ తెగితే ట్రాఫిక్‌ని ఇంకో ఫైబర్ మీదికి మళ్లించే పెట్టెలుంటాయి. వాటిని బిగించడం, కరెంటు ఇవ్వడం, స్విచ్చులు సెట్ చేయడం నా పని. లైన్ ప్రొటెక్షన్ అంటారు. మాన్యువల్లో ఆ రెండు దారులకీ పేర్లున్నాయి: వర్కింగ్, ప్రొటెక్షన్. ఒకటి పనిచేస్తుంది, రెండోది కాపు కాస్తుంది. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ రెండోదాని గురించి.

ముందు కరెంటు. ఇళ్లలో వచ్చే 230 వోల్టులు కాదు, మైనస్ 48 వోల్టుల డీసీ. 2 వోల్టుల లెడ్ యాసిడ్ సెల్స్ 24 వరసగా కలిపితే 48. మైనస్ ఎందుకంటే ప్లస్ వైపుని భూమికి కలిపేస్తారు. పాత రోజుల్లో భూమిలో ఉన్నవన్నీ రాగి తీగల కేబుళ్లు. తీగ భూమికంటే ప్లస్‌లో ఉంటే చెమ్మ తగిలిన చోట రాగి కరిగిపోతుంది, మైనస్‌లో ఉంటే నిలబడుతుంది. ఇప్పుడు ఉన్నది గాజు తీగ, దానికి ఆ భయం లేదు. అయినా మైనస్ మిగిలిపోయింది, పలుకులోంచి పోయాక కూడా చాన్నాళ్లు రాతలో ఉండిపోయిన అరసున్నలాగా.

మేం బిగించిన పెట్టెల్లో నీలం వైరు మైనస్ 48, నలుపు రిటర్న్, పసుపు-ఆకుపచ్చ చారల వైరు ఎర్త్. ఎర్త్ అన్నిటికంటే ముందు బిగించాలి, విప్పేటప్పుడు చివర విప్పాలి. బ్రేకర్ వేసేముందు మీటర్ పెట్టి చూడాలి. బ్యాటరీలు ఛార్జి అవుతూ ఉంటాయి కాబట్టి అది 54 దగ్గర్లో చూపిస్తుంది. పెట్టెకి కరెంటు కూడా రెండు దారుల్లో వస్తుంది: ఏ ఫీడ్, బి ఫీడ్. ఒకటి పోతే ఇంకోటి మోయాలి.

రెండు ఎల్ఈడీలూ పచ్చగా వెలిగితే ఫొటో తీసి, రిపోర్టులో పెట్టి, వెళ్లిపోవచ్చు. శ్రీకాకుళం వైపు ఒక సైట్లో నాతో పనిచేసిన టెక్నీషియన్ అలా వెళ్లనివ్వలేదు. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దాయన.

"ఏ దించి చూశావా బాబూ?"

"రెండూ వెలుగుతున్నాయి కదండీ."

"వెలుగుతాయిలే. దించితే కదా తెలిసేది."

ఏ బ్రేకర్ దించాం. పెట్టె నడుస్తోంది. అది మళ్లీ వేసి బి దించాం. అప్పుడూ నడుస్తోంది. ఆయన అక్కడితో కూడా ఆగలేదు. రెండు వైర్లనీ వేళ్లతో తడుముకుంటూ పవర్ ప్లాంటు దాకా వెళ్లారు. రెండు బ్రేకర్లూ ఒకే ఫ్యూజు వెనక ఉన్నాయి. పేరుకి ఏ, బి. ఆ ఫ్యూజు పోతే రెండూ పోతాయి.

తర్వాత స్విచ్చులు. కార్డు మీద బియ్యపు గింజంత తెల్లటి మీటలు వరసగా ఉంటాయి. వాటిని పెన్సిల్ మొనతో జరపకూడదు. గ్రాఫైట్ పొడి లోపలికి పోతే దాంట్లోంచి కరెంటు పారుతుంది. ఒక మీట 1+1 కావాలా, 1:1 కావాలా అని అడుగుతుంది. 1+1లో వెలుగుని రెండుగా చీల్చి రెండు ఫైబర్లలోకీ ఎప్పుడూ పంపుతూనే ఉంటారు, అవతలి కొసలో బాగున్నదాన్ని ఎంచుకుంటారు. అంటే సగం వెలుగు, 3 డీబీ, రోజూ ఖర్చు. 1:1లో వెలుగంతా ఒకే దారిలో పోతుంది, అది తెగినప్పుడు రెండు కొసలూ మాట్లాడుకుని మారాలి. ఎలా చేసినా మార్పు 50 మిల్లీసెకన్లలో అయిపోవాలన్నది ఎస్‌డీహెచ్ రోజుల నుంచీ ఉన్న లెక్క.

ఇంకో మీట: రివర్టివా, నాన్-రివర్టివా? తెగిన దారి బాగయ్యాక ట్రాఫిక్ అక్కడికి తిరిగి రావాలా, కొత్త దారిలోనే ఉండిపోవాలా అని. తిరిగొచ్చేటట్టయితే వెంటనే రాదు. 'వెయిట్ టు రిస్టోర్' అని ఒక టైమరుంది, ఎస్‌డీహెచ్ ప్రమాణంలో 5 నుంచి 12 నిమిషాలు. అప్పుడే అతికించిన ఫైబర్ మీద స్ప్లైసింగ్ చేసేవాడి చెయ్యి ఇంకా ఉండొచ్చు, అది మళ్లీ తెగొచ్చు. ఆదేశాలకి కూడా ఒక వరస ఉంది. అన్నిటికంటే పైన లాకౌట్, తర్వాత ఫోర్స్‌డ్, తర్వాత సిగ్నల్ పోవడం, సిగ్నల్ చెడటం, ఆ కింద మాన్యువల్. మనిషి మామూలుగా 'మారు' అంటే, తెగిన ఫైబర్ ఆ మాటని తోసేస్తుంది. మనిషి మాట నెగ్గాలంటే 'ఫోర్స్‌డ్' అని గట్టిగా అనాలి. ఎవరి మాట చెల్లుతుందన్నది ఇంత సూటిగా రాసిన పేజీ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

కానీ ఇన్ని మీటల్లో ఏ ఒక్కటీ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ రెండు ఫైబర్లూ వేర్వేరు గోతుల్లో ఉన్నాయా? పెట్టెకి కనిపించేది రెండు పోర్టుల్లోంచి వచ్చే వెలుగు మాత్రమే. రెండుసార్లు రోడ్డు తవ్వాలంటే రెండుసార్లు అనుమతి కావాలి, రెండింతల డబ్బు కావాలి. ఊరంతా వేర్వేరుగా నడిచిన కేబుళ్లు కూడా వాగు దాటేచోట వంతెన పక్కన ఒకే పైపులో దూరుతాయి. అక్కడ ఒక జేసీబీ చాలు. మాన్యువల్ ప్రకారం సెట్టింగులన్నీ సరిగ్గానే ఉంటాయి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. అప్పటికి నేను సాఫ్ట్‌వేర్‌లోకి మారి హైదరాబాద్‌లో ఉన్నాను. అమ్మ విశాఖలో ఒక్కతే. "ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదరా" అని పట్టుబట్టి తన ఫోన్లో రెండు సిమ్ములు వేయించుకుంది, రెండూ వేర్వేరు కంపెనీలవి. రెండు రోజులు ఆ రెండు నంబర్లకీ ఒకటి తర్వాత ఒకటి చేస్తూ కూర్చున్నాను. రెండూ అందలేదు. మూడో రోజు రాజమండ్రి వెళ్తున్న పక్కింటి కుర్రాడు దారిలో సిగ్నల్ దొరికిన చోట బండి ఆపి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆంటీ బానే ఉన్నారు. మామిడిచెట్టు పడిపోయింది, అంతే."

వారం తర్వాత వెళ్లి చూశాను. మా వీధి చివర టవర్ కూలలేదు. రెండు కంపెనీల యాంటెన్నాలూ దాని మీదే ఉన్నాయి. కింద జనరేటర్ ఒకటే. కరెంటు లేదు, డీజిల్ అయిపోయింది, ఆ తర్వాత బ్యాటరీలు ఖాళీ అయ్యాయి. నేను నీలం వైర్లు బిగించిన అదే మైనస్ 48, అమ్మకీ నాకూ మధ్య అక్కడ సున్నాకి వచ్చి ఆగింది. అంత గాలికి ఏ ఏర్పాటు మాత్రం తట్టుకుంటుంది అనొచ్చు, నిజమే. కానీ ఆ రెండు సిమ్ములు ఏ రోజూ రెండు కావు. ఆ సంగతి తెలియడానికి తుఫాను అక్కర్లేదు, వీధి చివరిదాకా నడిస్తే చాలు.

ఇప్పుడు మా మీటింగుల్లో ఎవరైనా బొమ్మ గీసి, రెండు డబ్బాలు పెట్టి, "ఇది డౌన్ అయితే అది తీసుకుంటుంది" అంటే, రెండింటికీ కరెంటు ఎక్కణ్ణుంచి అని అడుగుతాను. మొన్నెప్పుడు దించి చూశారు అని కూడా అడుగుతాను. నన్ను చూస్తే కొందరికి చిరాకు.

అమ్మకీ చిరాకే. రెండు నెలలకోసారి, "ఇవాళ నీ ఫోన్ ఆపేసి, ఎలాగోలా నాకు కబురు పంపించు" అంటాను. మొదటిసారి "నీకేం పనిలేదా" అంది. తర్వాత తనే దారులు వెతకడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ల ఫోన్ చెల్లదని, అదీ ఆ టవరేనని తనకిప్పుడు తెలుసు. పోయిన నెల తెలియని నంబర్ నుంచి ఫోనొచ్చింది. అమ్మకి పాలుపోసే అబ్బాయి, ఆనందపురంలో తన ఇంటికెళ్లాక చేశాడు. పెద్ద తుఫానొస్తే ఆ దూరం కూడా చాలకపోవచ్చు. కానీ ఆ టవర్ వేరు.

"మీ అమ్మగారు ఏదో పరీక్ష అన్నారు సార్," అన్నాడు. "పాసయ్యారని చెప్పమన్నారు."