కట్ అంటే కోయడమేనా?

మీ ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు 'కట్' అనే మాట వినిపిస్తుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మొన్న ఆదివారం నేను లెక్కపెట్టాను. పొద్దున్నే పాల ప్యాకెట్ కట్ చెయ్యడంతో మొదలు. పది గంటలకి కరెంటు కట్. చెల్లెలు ఫోన్ చేస్తే మధ్యలో లైను కట్. మావారు కటింగ్ చేయించుకొచ్చారు. సాయంత్రం అమ్మాయి కట్ మిర్చి తెచ్చింది. భోజనాల వేళకి పదిహేడయ్యాయి, ఇక లెక్క మానేశాను. మా సికింద్రాబాద్ ఆడవాళ్లకైతే జనరల్ బజార్ కట్ పీసుల సంగతి వేరే చెప్పాలా!

నిజానికి మనకి ఈ మాటతో అంత అవసరం లేదు. మా అమ్మమ్మ వంకాయ తరిగేది, పూలు కోసేది, గుడ్డ కత్తిరించేది, కట్టెలు కొట్టించేది, ఎండిన కొమ్మ నరికించేది. ఏ పనికి ఆ మాట. ఇప్పుడు అన్నిటికీ ఒకటే. వంటల పేజీలో కూడా "బెండకాయలు కట్ చేసి పక్కన పెట్టుకోవాలి" అని రాస్తున్నారు. చక్రాల్లా తరగాలా, నిలువుగా చీరాలా? వేపుడుకి ఒక రకం, పులుసుకి ఒక రకం కదండీ! (ఎడిటర్ గారు ఏమీ అనుకోకూడదు.)

ఇంగ్లీషులో ఈ మాటకి నిన్నకీ ఇవాళ్టికీ తేడా లేదు. కట్, కట్, కట్. మూడూ ఒకటే. పుట్, హిట్, షట్ కూడా అంతే. మా బళ్లో వరసపెట్టి వల్లె వేయించేవారు. మనం మాత్రం దానికి 'అయింది' అనో 'చేశాడు' అనో తగిలించుకుని మన పని గడుపుకుంటాం. ఆడపడుచు కోపంతో ఫోన్ పెట్టేసినా, అత్తగారితో "లైను కట్ అయిందండీ" అంటే సరి. ఎవరి మీదా తప్పుండదు.

ఇన్ని తెలిసీ ఈ మాట దగ్గరే నేనొకసారి ఘోరంగా దెబ్బతిన్నాను.

2016లో మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు మీడియం. నేను చదివింది ఇంటర్ దాకా, అదీ తెలుగు మీడియంలో. తల్లిదండ్రుల మీటింగుకి వెళితే లెక్కల టీచరు మార్కుల కాగితం నా ముందు పెట్టి, నవ్వుతూనే, "షీ ఈజ్ నాట్ కటౌట్ ఫర్ మేథ్స్" అన్నారు. కటౌట్ అంటే నాకు తెలిసింది ఒక్కటే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్ థియేటర్ ముందు హీరోలకి కట్టే నిలువెత్తు బొమ్మ! ఆవిడ నవ్వుతున్నారు కదా, మంచి మాటే అయివుంటుందనుకుని నేనూ నవ్వి "థాంక్యూ మేడమ్" అన్నాను.

ఆటోలో పిల్ల అటు తిరిగి కూర్చుంది. మోండా మార్కెట్ దాటాక అడిగింది, "అమ్మా, ఆవిడ నాకు లెక్కలు రావంటే నువ్వు థాంక్స్ ఎందుకు చెప్పావ్?" అని.

ఏం చెప్పను? అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. "ఊరికే అన్నాలే" అన్నాను. అది ఇంకా తప్పు.

ఆ రాత్రి పక్కింటి నుంచి లావుపాటి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తెచ్చుకుని 'కట్' కింద వెతికాను. ఎన్ని ఉన్నాయండీ బాబూ! కట్ డౌన్ అంటే తగ్గించడం, డాక్టర్లు ఉప్పు గురించి చెప్పేది అదే. కట్ ఆఫ్ అంటే సంబంధం తెంపేయడం. కట్ ఇన్ అంటే మాటకి అడ్డు రావడం. చివరికి దొరికింది. కటౌట్ ఫర్ అంటే ఒక పనికి తగ్గ మనిషి కావడం. కొలతకి కత్తిరించిన బట్ట లాగా అన్నమాట. అంటే మా పిల్ల లెక్కలకి పనికొచ్చే గుడ్డ కాదని ఆవిడ ఉద్దేశం.

నాకు కుట్టుపని వచ్చు. 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క చెయ్యి దగ్గర తక్కువ కత్తిరిస్తే అతుకు వేసి సరిచేసినవి ఎన్నో ఉన్నాయి. పద్నాలుగేళ్ల పిల్లని అప్పుడే కత్తిరించేయడం ఏమిటి?

మర్నాడే బడికి వెళ్లాను. ఈసారి తెలుగులోనే అడిగాను, "మేడమ్, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చెప్పండి చాలు" అని. ఆవిడ కాసేపు నోట్సు తిరగేసి, "భిన్నాల దగ్గరండీ, ఆరో తరగతివి" అన్నారు. పాపం, చెడ్డావిడ కాదు. ఇంటికొచ్చి టేపు తీశాను. అరంగుళం, పావంగుళం, పరకంగుళం. రెండు పావులు కలిపితే ఎంత? పావులో సగం ఎంత? రోజూ కుట్టుమిషను పక్కన అరగంట. నెల రోజుల్లో పిల్లే నాకు చెప్పడం మొదలుపెట్టింది, "అమ్మా, నువ్వు చంక దగ్గర పావంగుళం ఎక్కువ వదిలావు" అని. చూస్తే నిజమే.

ఎంపీసీ తీసుకోలేదు, సీఈసీ చదివింది. అది దాని ఇష్టం. ఇప్పుడు ఒక ఆడిటరు గారి ఆఫీసులో పని చేస్తోంది. రోజంతా అంకెలే. మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే రెండు మాటలు కూడా కాకముందే, "అమ్మా, సార్ వస్తున్నారు, కట్ చేస్తున్నా" అంటుంది.