ఫోటోలకు పేర్లు చెప్పేవాళ్లు

వర్లీ, నాయ్‌గావ్ బి.డి.డి. చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీల్లో మూడు తరాలు గడిపిన మనవాళ్లు ఇప్పుడు టవర్లలోకి మారుతున్నారు. సంతోషమే. కానీ సామాను సర్దేటప్పుడు భంగార్‌వాలాకు ముందుగా పోయేది అటక మీది రేకుపెట్టె. అందులో ఏముంటాయో మీకు తెలుసు: మిల్లు టికెట్టు, ఇ.ఎస్.ఐ. కార్డు, పగార్ చీటీలు, యూనియన్ రసీదులు, ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు, నాలుగు ఫోటోలు.

ఆ కాగితాలు చెత్త కాదు. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లులో పనిచేసినట్టు రుజువు ఉంటేనే కార్మికుల ఇళ్ల లాటరీలో పేరు నిలిచేది. మా వరసలో ఒక అత్తమ్మకు మామ పాత పగార్ చీటీయే ఆధారమైంది. అదే వరసలో పెట్టె పారేసుకున్న ఇంకో ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చాలించుకున్నారు.

ఇల్లు ఒక్కటే కాదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. వాళ్లలో మా బాపు కూడా ఉన్నాడు, సాంచాల ఖాతాలో. మీనా మీనన్, నీరా అదార్కర్ గిర్నీ మనుషుల మాటలనే పోగుచేసి 2004లో పుస్తకం తెచ్చారు. కానీ కరీంనగర్, నల్గొండల నుంచి వచ్చిన మన ఇళ్ల ముచ్చట మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు? కామాఠీపురా అన్న పేరు తెలుగు కూలీల వల్లనే వచ్చింది. పేట పేరు మిగిలింది, ఆ కూలీల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత జార్జ్ మేసన్ యూనివర్సిటీ చరిత్రకారులు, న్యూయార్క్‌లోని తోటివారితో కలిసి, ఒక వెబ్‌సైటు తెరిచారు. ఆ రోజు మీరేం చూశారో, మీ దగ్గరేం ఉందో పంపండి అని మామూలు జనాన్ని అడిగారు. ఉత్తరాలు, ఫోటోలు, మాటలు కలిపి లక్షన్నరకు పైగా వచ్చాయి. 2003లో వాళ్ల దేశపు పెద్ద గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దాన్ని తన భద్రతలోకి తీసుకుంది. అదే యూనివర్సిటీవాళ్లు 2008లో ఒమేకా అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చారు. ఎవరైనా తమ ఫోటోలను వివరాలతో సహా ఇంటర్నెట్‌లో పెట్టుకోవచ్చు. స్వాహిలీ భాషలో ఆ మాటకు అర్థం సరుకు పరచి చూపించడమట. చీరలు పరిచి చూపించే మనకు ఆ పేరు కొత్తగా అనిపించదు.

మా గల్లీ పిల్లలు నలుగురు, నేను కలిసి ఆదివారాలు ఈ పని మొదలుపెట్టాం. స్కాన్ చెయ్యడానికి ఎంతో సేపు పట్టదు. కష్టమంతా పేర్ల దగ్గరే. సాంచాల ముందు నిలబడ్డ పదిమంది ఫోటో ఒకటి వచ్చింది, వెనక ఒక్క అక్షరం లేదు. ఎనభై ఏళ్ల అవ్వ ఒకామె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. "గా మూలకు నిలబడ్డ పోరడు ఎవరో ఎరుకేనా? మా ఇంటాయన. అప్పటికి మా పెండ్లి గాలే" అన్నది. పక్కనున్న ఇద్దరు ముసలమ్మలు కాదంటే కాదని జగడం పెట్టుకున్నారు. ఆ జగడంలోనే మిగిలినవాళ్లలో అయిదుగురి పేర్లు బయటపడ్డాయి. కంప్యూటర్ ఇవ్వలేనిది అదే.

అందరూ ఒప్పుకోరు. ఒకామె సమ్మె కాలంలో గాజులు కుదువపెట్టిన రసీదు తెచ్చి, చూపించి, మళ్లీ కొంగులో ముడేసుకుంది. "ఆకలి దినాల కాయితం బిడ్డా. గిది లోకమంత సూడాల్నా?" అన్నది. మేము దానికి నకలు కూడా తీసుకోలేదు. ఇప్పుడు ఆమె ప్రతి ఆదివారం వస్తుంది, మిగతావాళ్ల ఫోటోలకు పేర్లు చెప్తుంది. ఆ రసీదు మాత్రం ఆమె దగ్గరే ఉంది. ఉండాల్సింది అక్కడే.

అందుకే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఇంటివాళ్లు సరేనంటేనే బయట పెడతాం. ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. నంబర్లు, అడ్రసు కనిపించకుండా మూస్తాం. వికీమీడియా కామన్స్ లాంటి చోట పెట్టిన ఫోటోను ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ సంగతి ముందే చెప్తాం. అసలు కాగితం ఇంటికే తిరిగిపోతుంది, నకళ్లు మూడు వేరువేరు చోట్ల దాస్తాం.

మీరు భివండీలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా ఇది చెయ్యొచ్చు. స్కానర్ లేకపోతే పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తియ్యండి. కాగితాలకు లామినేషన్ చేయించకండి. ఫోటో వెనక పేర్లు పెన్సిల్‌తోనే, మెల్లగా రాయండి. పెన్ను ఇంకు ముందువైపుకు దిగుతుంది.

సమ్మె నాడు ఇరవై ఏళ్లున్న పిల్లవాడికి ఇప్పుడు అరవై దాటాయి. అప్పటికే నలభై ఏళ్లున్నవాళ్లు మన మధ్య కొద్దిమందే మిగిలారు. స్కానర్ వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. పేర్లు మాత్రం ఈ ఆదివారమే అడగండి.