ఆఖరి రోజు కూడా ఆటే!

రాత్రి ఓడిపోయాం కదా అని కూర్చుని బాధపడే తీరిక బేస్‌బాల్ ఆటగాడికి ఉండదు. తెల్లారితే మళ్లీ ఆట. అమెరికాలో మేజర్ లీగ్ జట్లు 30. ఒక్కో జట్టుకు 162 ఆటలు. మార్చి నెలాఖర్లో మొదలైతే సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఎక్కడో ఒకచోట బరిలోకి దిగాల్సిందే. అలా ఆరునెలలు గడిచేసరికి చాలా జట్ల జాతకం తేలిపోయి ఉంటుంది. కొన్ని ప్లేఆఫ్స్‌కి వెళతాయి. మిగిలినవాటికి ఇక గెలిచినా ఒకటే, ఓడినా ఒకటే.

సిసలైన అభిమాని స్టేడియానికి వెళ్లేది అప్పుడే! ఎండ తగ్గి చలిగాలి మొదలవుతుంది. సగం కుర్చీలు ఖాళీ. చేతిలో స్కోరుకార్డు, పెన్సిలు. ఎవరు బంతిని ఎటు కొట్టారో, ఎవరు ఎలా అవుటయ్యారో గళ్లలో గుర్తులు పెట్టుకుంటూ కూర్చుంటాడు. చిన్న లీగుల నుంచి ఆ నెలలోనే పైకొచ్చిన కుర్రాడు కంగారుగా బ్యాటు పట్టుకోవడం చూస్తాడు. వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియని సీనియర్, అవుటయ్యాక ఎలా నడిచి వెళుతున్నాడో కూడా చూస్తాడు. పోయేదీ వచ్చేదీ ఏమీ లేనప్పుడు ఆటగాడు ఎలా ఆడతాడు? పాయింట్ల పట్టికలో దొరకని ఆ సంగతి సీజన్ చివర్లోనే బయటపడుతుంది.

చెప్పుకోవడానికి ఎన్నో ఆటలున్నా క్యాలెండర్లో ఒక్క తేదీ చాలు. సెప్టెంబరు 28.

వద్దన్నా దిగాడు

అది 1941. బోస్టన్ రెడ్‌సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్‌కి 23 ఏళ్లు. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటంటే పరుగుల లెక్క కాదు. పిచర్ విసిరిన బంతిని కొట్టి ఎన్నిసార్లు క్షేమంగా బేస్ చేరాడన్నదే లెక్క. పదింట మూడుసార్లు చేరితే గొప్ప బ్యాటరే. సీజన్ మొత్తమ్మీద నాలుగుసార్లు చేరితే... అంటే .400 సగటు సాధిస్తే అద్భుతమే!

27వ తేదీ ఆట ముగిసేసరికి విలియమ్స్ 448 ప్రయత్నాల్లో 179 సార్లు కొట్టాడు. సగటు .39955. దగ్గరి అంకెకు సవరిస్తే .400! మర్నాడు ఫిలడెల్ఫియాలో ఒకేరోజు రెండు ఆటలు. వాటితో సీజన్ అయిపోతుంది. లీగ్ టైటిల్‌ను న్యూయార్క్ యాంకీస్ అప్పటికే ఎగరేసుకుపోయింది. కాబట్టి ఆ రెండు ఆటలతో జట్టుకు ఒరిగేదేం లేదు. కావాలంటే ఆడొద్దులే అన్నాడు మేనేజర్ జో క్రోనిన్. కూర్చుంటే చాలు, రికార్డు పదిలం. విలియమ్స్ ఒప్పుకోలేదు. ఆ రాత్రి జట్టు సామగ్రి చూసుకునే మనిషిని తోడు తీసుకుని ఊరి వీధుల్లో చాలాసేపు తిరిగాడు. మర్నాడు రెండు ఆటలూ ఆడాడు. ఎనిమిది ప్రయత్నాల్లో ఆరుసార్లు కొట్టాడు. సగటు .406కి చేరింది. అమెరికన్ లీగ్‌లోగానీ నేషనల్ లీగ్‌లోగానీ ఆ తర్వాత ఇంతవరకూ ఎవరూ .400 అందుకోలేదు.

క్రికెట్ తెలిసినవాళ్లకి ఇక్కడ బ్రాడ్‌మన్ గుర్తుకు రాక తప్పదు. 1948లో ఓవల్ మైదానంలో ఆఖరి టెస్టు ఆడటానికి దిగేటప్పటికి ఆయన సగటు వందకు పైనే. సున్నాకే అవుటవడంతో అది 99.94 దగ్గర ఆగిపోయింది. ఒకరికి ఆఖరి రోజు కలిసొచ్చింది, ఇంకొకరికి కలిసిరాలేదు. అయితే లెక్కలు చూసుకుని ఇద్దరూ ఇంట్లో కూర్చోలేదు.

టోపీ తీయలేదు

మళ్లీ సెప్టెంబరు 28. ఈసారి 1960. అదే విలియమ్స్. వయసు 42. మధ్యలో రెండు యుద్ధాల్లో సైనిక విమానాలు నడపడానికి వెళ్లి ఎన్నో సీజన్లు పోగొట్టుకున్నాడు. బోస్టన్ పత్రికలతో ఆయనకు ఎప్పుడూ పడేది కాదు. అభిమానులతోనూ అంతే. మొదట్లో వాళ్లు గేలి చేశారన్న కోపంతో, ఎంత చప్పట్లు కొట్టినా టోపీ తీసి పలకరించడం మానేశాడు.

ఆ ఏడాది రెడ్‌సాక్స్ ఎనిమిది జట్ల లీగ్‌లో ఏడోస్థానంలో ఉంది. సొంతగడ్డ ఫెన్‌వే పార్క్‌లో అదే చివరి ఆట. ప్రత్యర్థి బాల్టిమోర్ ఓరియోల్స్. మబ్బు పట్టిన చల్లటి మధ్యాహ్నం. వచ్చినవాళ్లు 10,454 మంది మాత్రమే. మైదానంలో మూడింట రెండొంతులు ఖాళీ! ఆ వచ్చినవాళ్లలో 28 ఏళ్ల రచయిత ఒకరున్నారు, పేరు జాన్ అప్‌డైక్. ఆరోజు చూసింది ఆయన ‘న్యూయార్కర్’ పత్రికకు రాస్తే, అమెరికా క్రీడా వ్యాసాల్లో మేటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. విలేఖరుల గదిలోంచి కాకుండా ప్రేక్షకుల మధ్య కూర్చుని చూసి రాసిన వ్యాసం అది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో విలియమ్స్ జీవితంలో చివరిసారి బ్యాటు పట్టాడు. కొట్టిన బంతి గోడ దాటి వెళ్లిపడింది. హోమ్‌రన్! లెక్కకు 521వది. తల దించుకుని గబగబా బేస్‌లన్నీ చుట్టి వచ్చేశాడు. జనం లేచి నిలబడి పిలిచారు, కేకలు పెట్టారు. బయటికి రాలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మేనేజర్ కావాలనే ఆయన్ని మైదానంలోకి పంపి, వెంటనే వెనక్కి పిలిచాడు. జనం చప్పట్లతో సాగనంపాలని! అప్పుడూ టోపీ తీయలేదు. జట్టుకు న్యూయార్క్‌లో మరో మూడు ఆటలున్నా వాటికి వెళ్లలేదు. చివరికి 1991లో, అదే ఫెన్‌వేలో తన పేరిట సభ పెట్టినప్పుడు టోపీ తీసి అభిమానులకు చూపించాడు. ఆ చిన్న పలకరింపుకి బోస్టన్ 31 ఏళ్లు ఎదురుచూసింది.

అట్టడుగున ఉన్నవాళ్లే...

మూడోది 2011 సెప్టెంబరు 28. సెప్టెంబరు మొదట్లో రెడ్‌సాక్స్‌కు టాంపా బే రేస్ జట్టుపై తొమ్మిది ఆటల ఆధిక్యం ఉంది. ప్లేఆఫ్స్ ఖాయమనే అంతా అనుకున్నారు. తీరా ఆ నెలలో ఆడిన 27 ఆటల్లో గెలిచింది ఏడే! చివరిరోజుకి రెండు జట్లూ సమానమయ్యాయి. రెడ్‌సాక్స్ ప్రత్యర్థి మళ్లీ ఓరియోల్స్. డివిజన్‌లో అట్టడుగున ఉన్న జట్టు. ఓడినా గెలిచినా మర్నాడు ఇళ్లకు పోవాల్సినవాళ్లే.

బాల్టిమోర్‌లో వాన వల్ల ఆట గంటకు పైగా ఆగింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెడ్‌సాక్స్ 3-2తో ముందుంది. ఓరియోల్స్‌లో ఇద్దరు అవుట్. బేస్‌ల మీద ఎవరూ లేరు. ఇంకొక్కరు అవుటైతే చాలు. క్రిస్ డేవిస్ డబుల్ కొట్టాడు. నోలన్ రైమోల్డ్ మరో డబుల్, స్కోరు సమం. రాబర్ట్ ఆండీనో కొట్టిన బంతి లెఫ్ట్‌ఫీల్డర్ చేతికి చిక్కకుండా నేల తాకింది. రైమోల్డ్ పరుగెత్తుకొచ్చాడు. 4-3. అంతే!

అటు ఫ్లోరిడాలో టాంపా బే 0-7 వెనకబాటు నుంచి లేచింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకొక్క స్ట్రైక్ పడితే ఓటమే. అలాంటప్పుడు ఆ సీజన్‌లో పదింట ఒకసారి కొట్టడమే గగనమైన డాన్ జాన్సన్ హోమ్‌రన్ బాది సమం చేశాడు. బాల్టిమోర్ ఆట ముగిసిన కాసేపటికే, పన్నెండో ఇన్నింగ్స్‌లో ఇవాన్ లాంగోరియా హోమ్‌రన్‌తో ఆట ముగించాడు. రెడ్‌సాక్స్ సీజన్ కూడా అక్కడితోనే ముగిసింది.

ఆ రాత్రి బోస్టన్ అభిమానుల బాధ అంతా ఇంతా కాదు. బాల్టిమోర్ అభిమాని ఆనందం మాత్రం వేరు. అతని జట్టు ఆ ఏడాది 69 గెలిచి 93 ఓడింది. కప్పు లేదు, ప్లేఆఫ్స్ లేవు. అయినా ఆఖరి ఆట ఆఖరి అవుట్ దాకా తనవాళ్లు వదల్లేదు. వానలో తడుస్తూ అంతసేపు కూర్చున్నవాడికి అదే దక్కింది. మరుసటి ఏడాది, 2012లో అదే జట్టు 93 గెలిచి 69 ఓడింది. అంకెలు అచ్చంగా తిరగబడ్డాయి. ప్లేఆఫ్స్‌కీ వెళ్లింది. ఆ ఒక్క రాత్రి వల్లే ఇదంతా జరిగిందని ఎవరూ అనలేరు. కానీ ‘ఇక ఏముందిలే’ అని ముందే లేచి వెళ్లినవాళ్లకు మాత్రం, తమ జట్టులో ఇంకా ఏముందో ఆ రాత్రి తెలియలేదు.