మంచు మీద ఉప్పు

మన నిజామాబాదు నుండీ, బోధను నుండీ ఏటా ఎందరో తల్లిదండ్రులు అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్తున్నారు. మందులు, పచ్చళ్లు, ఉన్ని దుస్తులు జాగ్రత్తగా సర్దుకొంటారు. గుమ్మం ముందు గడ్డకట్టే మంచును గురించి మాత్రం వారికెవరూ చెప్పరు. అరవై దాటిన వయస్సులో తుంటి ఎముక విరిగితే ఆ బాధ ఒక్క శీతకాలంతో తీరేది కాదు. అందుచేత, మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరం దగ్గర మా అబ్బాయి ఇంట ఒక శీతకాలం గడిపి తెలుసుకొన్న నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాను.

మన భాషలో మంచు అన్న మాట చాలా బరువు మోస్తుంది. గడ్డిపరకపై నిలిచే బిందువూ మంచే, పుష్యమాసపు ఉదయాన చెరకు తోటలను కప్పివేసే పొగా మంచే. అక్కడ ఆకాశం నుండి దూదిలా రాలేది ఒకటి. అది పగలు కరిగి, రాత్రి గాజుపలకలా బిగుసుకొనేది మరొకటి. మొదటిది కంటికి ఇంపు. రెండవది కంటికి కనబడదు. కాలు జార్చేది ఈ రెండవదే.

"బాపూ, అమ్మను ఇప్పుడే బయటికి రానియ్యకు, ఉప్పేసొస్త" అంటూ మా వాడు ప్రతి ఉదయమూ ఒక బకెట్టు పట్టుకొని బయలుదేరేవాడు. ఈ ఉప్పు విద్య మనకు కొత్తదేమీ కాదు. కుల్ఫీ చేసేవారు ఐసుముక్కల మీద దొడ్డుప్పు చల్లడం మనమందరం చూచినదే. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. కుల్ఫీకి ఆ అదనపు చలువ కావాలి, గుమ్మానికి ఆ కరగడం కావాలి. సూత్రం ఒక్కటే, ప్రయోజనాలు రెండు.

అయితే ఏ ఉప్పు? అంగడిలో వరుసగా పేర్చిన సంచులలో అన్నీ తెల్లని పలుకులే. వేమన ఉప్పునూ కర్పూరాన్నీ పక్కపక్కన నిలిపి చెప్పిన నీతి నాకు అక్కడ జ్ఞాపకం వచ్చింది. సంచి ముందుభాగాన పెద్ద అక్షరాల పొగడ్తలను వదలి, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల పేర్లు చదవాలి.

సోడియం క్లోరైడ్ అంటే మన ఉప్పే. అన్నిటికంటె చవక. డెట్రాయిట్ నగరం కిందనే, వెయ్యి అడుగులకు మించిన లోతున, దాని గనులున్నాయి. కాని నేల ఉష్ణోగ్రత సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే అది దాదాపు నిష్ప్రయోజకం. మెగ్నీషియం క్లోరైడ్ మైనస్ 15 దాకా పనిచేస్తుంది. కాల్షియం క్లోరైడ్ మైనస్ 25 లోనూ కరిగిస్తుంది. నీటిలో కలిసేటప్పుడు అది వేడిని విడుస్తుంది గనుక చేతికి తొడుగు లేనిదే తాకరాదు. ఇక యూరియా, పొటాష్ పేర్లు చూడగానే బోధనులో ఎరువుల దుకాణం ముందు నిలిచినట్లనిపించింది. అవీ మంచును కరిగిస్తాయి గాని, స్వల్పమైన చలికే. పైగా మిగిలిన యూరియా కాలువల్లోకి చేరి నాచును పెంచుతుంది.

రెండవ విచారం, కాలికింది నేల. కరిగిన ఉప్పునీరు కాంక్రీటు సూక్ష్మరంధ్రాలలోకి ఇంకి, మళ్లీ గడ్డకట్టి, ఉబ్బి పైపొరను పెచ్చులుగా ఊడదీస్తుంది. పోసి ఏడాది నిండని కాంక్రీటుపై ఏ ఉప్పూ వేయకపోవడం మేలు, ఇసుక చల్లితే చాలు. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ వంటి ఎరువులైతే సిమెంటునే తినివేస్తాయి. కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ అనేది కాంక్రీటుకూ ఇనుముకూ తక్కువ హాని చేస్తుంది గాని, ధర చాలా ఎక్కువ, తీవ్రమైన చలిలో పనిచేయదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? మంచు కరిగిపోతుంది గాని ఉప్పు పోదు. అది చెరువులకు, బావులకు చేరుతుంది. ఒక చెంచాడు ఉప్పు సుమారు 19 లీటర్ల మంచినీటిని చెడగొట్టగలదని మిన్నెసోటా రాష్ట్ర అధికారులు ప్రజలకు చెబుతుంటారు. డెట్రాయిట్‌కు ఉత్తరాన ఫ్లింట్ నగరం ఉన్నది. 2014లో ఆ ఊరికి ఫ్లింట్ నది నీటిని ఇచ్చినప్పుడు పాత గొట్టాలు తినుకుపోయి, సీసం త్రాగునీటిలో కలిసింది. తుప్పును అడ్డుకొనే మందు కలపకపోవడం అందుకు ప్రధాన కారణం. నదిలో క్లోరైడ్ ఎక్కువగా ఉండడం మరొక కారణం. అందులో రోడ్లపై చల్లే ఉప్పు పాలు ఉన్నదని శాస్త్రజ్ఞులు భావించారు. అదే ఏడు అక్టోబరులో జనరల్ మోటార్స్ కర్మాగారం, ఇంజను భాగాలు తుప్పుపడుతున్నవని ఆ నీటిని మానుకొన్నది. ఇనుముకు పనికిరాని నీటిని మనుషులు మరికొంత కాలం త్రాగారు. చౌడు పట్టిన పొలంలో పైరు ఎదగదని ఎరిగిన మన ప్రాంతీయులకు ఈ బాధ వివరించనక్కరలేదు.

కనుక మితమే మార్గం. ముందు పారతో మంచును ఎత్తివేయాలి, మిగిలిన పొరకే ఉప్పు. 12 ఔన్సుల కాఫీ కప్పుడు ఉప్పు 20 అడుగుల డ్రైవ్‌వేకు సరిపోతుంది. పలుకుకూ పలుకుకూ మధ్య ఖాళీ ఉండాలి. నేల ఆరిన తరువాత మిగిలిన ఉప్పును ఊడ్చి దాచుకోవచ్చు. వేడినీళ్లు పోయడం కూడదు, అవే కొత్త గాజుపలక అవుతాయి.

మరొక విషయం మన చెరకు సీమవారికి ప్రీతి కలిగిస్తుంది. మిషిగన్‌లోని సాగినా లోయలో చక్కెర దుంప పండిస్తారు. దుంప నుండి చక్కెర తీయగా మిగిలిన మడ్డిని అమెరికాలో కొన్నిచోట్ల ఉప్పునీటిలో కలిపి రోడ్లపై చల్లుతారు. ఆ జిగట వలన ఉప్పు చెదరిపోక అంటుకొని ఉంటుంది, తక్కువ ఉప్పుతో పని జరుగుతుంది. అది కూడా వాగులో అధికంగా కలిస్తే నీటిలోని ప్రాణవాయువును హరిస్తుందట. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడేవరకు మొలాసిస్ మనకు చిరపరిచితమే. చక్కెర కర్మాగారపు మడ్డికి ఇటువంటి ఉద్యోగం కూడా ఉంటుందని ఎవరమూ ఊహించలేదు.

శీతకాలంలో ప్రయాణం కట్టే మిత్రులు పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి. అక్కడ చలి ఎంతకు దిగుతుంది? గుమ్మం ముందు నేల ఏ రకం, పోసి ఎన్నాళ్లయింది? ఇంటికి బావి నీరా, ఊరి నీరా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఏ సంచి కొనాలో వారికే తేలుతుంది. గరుకు అడుగున్న బూట్లు మాత్రం మీరే అడిగి కొనిపించుకోండి. వాటికి మొహమాటపడవద్దు.