మా పండ్రెండు మాటలు

గత వర్షకాలమున మా చేతిఫోను చెఱువులోఁ బడిపోయెను. అందు మా బిట్‌కాయిను వాలెట్టు ఉండెను. స్వల్పమైనను మా కష్టార్జితము మునిఁగెనని మిగుల దుఃఖించితిమి. అది మా యజ్ఞానము. వాలెట్టు ధనముంచు సంచి కాదు, తాళపుచెవుల గుత్తి. 2009వ సంవత్సరమునఁ బుట్టిన యీ నాణెముల లెక్క లోకమందలి వేలకొలఁది కంప్యూటర్లలో నున్నది.

వాలెట్టు తెఱచిననాఁడు దానియందుఁ గనఁబడిన 12 ఆంగ్లపదములను వరుస తప్పక వ్రాసిన కాగితమును మా తల్లిగారు పెట్టెలో దాఁచియుండిరి. ఆ పదములను క్రొత్తఫోనునఁ జేర్పఁగా తాళపుచెవులు మరలఁ గలిగినవి.

అవి అన్యులకుఁ జిక్కినచో ధనము వారిదే. పోయినచో ఏ బ్యాంకును తిరిగి యీయఁజాలదు. 2013లో వేల్సుదేశపు న్యూపోర్టున నొకరి తాళపుచెవులున్న హార్డుడిస్కు చెత్తకుప్పఁ బాలగుటచే వేలకొలఁది బిట్‌కాయినులు దక్కవయ్యెను.

బాలమిత్రులారా! ఆ పదములను కాగితముపై వ్రాసి భద్రపఱుపుఁడు, ఎవ్వరికిని జెప్పకుఁడు.